బెంగళూరులో పెద్దవాళ్లకు గార్డియన్‌షిప్: ఏ తలుపు తట్టాలి, ఏ కాగితాలు కావాలి, గార్డియన్ ఎక్కడ ఆగాలి

పద్దెనిమిదేళ్లు నిండిన రోజు నుంచి కన్నతల్లికి కూడా బిడ్డ తరఫున సంతకం పెట్టే హక్కు ఉండదు. బిడ్డకు బుద్ధిమాంద్యం ఉన్నా, మాట రాకపోయినా చట్టం దృష్టిలో ఆ రోజుతో పెద్దవాడే. భర్త కోమాలోకి వెళితే భార్య పరిస్థితీ ఇంతే. ఇరవై ఏళ్లు కాపురం చేసినా ఆయన ఖాతాలోంచి ఆస్పత్రి బిల్లుకు డబ్బు తీయలేదు. చాలా ఇళ్లలో ఈ సంగతి బ్యాంకు కౌంటర్ దగ్గరో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనో తెలుస్తుంది. అప్పటికప్పుడు దొరికిన లాయరు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేస్తాడు, కొన్ని నెలల తర్వాత అది చెల్లదని తిరిగొస్తుంది. ఆ చట్టమూ, 1956 హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టమూ మైనర్లకు మాత్రమే. పెద్దవాళ్ల దారి వేరు, అదీ ఒకటి కాదు.

ముందు ఏ తలుపో తేల్చుకోండి

మనిషి ఎందుకు నిర్ణయాలు తీసుకోలేకపోతున్నాడు అన్నదాన్ని బట్టి చట్టం మారుతుంది.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు: ఈ నాలుగింటికీ 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం వర్తిస్తుంది. కోర్టుకు వెళ్లక్కర్లేదు. జిల్లా స్థాయిలో ఉండే లోకల్ లెవెల్ కమిటీ, అందరూ ఎల్‌ఎల్‌సీ అనేది, గార్డియన్‌ను నియమిస్తుంది. అందులో కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి ఒకరు, నేషనల్ ట్రస్ట్‌లో (ఈ చట్టం కింద ఏర్పడ్డ కేంద్ర సంస్థ) రిజిస్టరైన సంస్థ ప్రతినిధి ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు. బెంగళూరులో కలెక్టర్‌ను డిప్యూటీ కమిషనర్ అంటారు కాబట్టి మీరు అడగాల్సింది డీసీ ఆఫీసు. బెంగళూరు అర్బన్ జిల్లాకు అది కేజీ రోడ్డులోని కందాయ భవన్.

ఆ నాలుగింటిలోకి రాని వైకల్యమైతే 2016 వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకు గానీ, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన అధికారి దగ్గరికి గానీ వెళ్లాలి. బెంగళూరు నగరంలో జిల్లా కోర్టు పని సిటీ సివిల్ కోర్టు చూస్తుంది.

కోమా, స్పృహలేని స్థితి అయితే దీనికంటూ ప్రత్యేక చట్టమే లేదు. రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయాలి.

మానసిక జబ్బు విషయంలోనే ఎక్కువమంది పొరబడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద ఎవరైనా తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి తన నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌ను ఎంచుకోవచ్చు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో చేర్పించేటప్పుడు ఆ కాగితం బాగా పనికొస్తుంది. కానీ ఆ ప్రతినిధి అధికారం వైద్యం వరకే. ఇల్లు, పొలం, డిపాజిట్ల జోలికి రాదు. పాత 1987 చట్టంలో ఆస్తికి మేనేజర్‌ను నియమించే అధ్యాయం ఉండేది. కొత్త చట్టంతో అది పోయింది, దాని స్థానంలో ఏమీ రాలేదు. కాబట్టి ఆస్తి కోసం 14వ సెక్షన్ దారో, హైకోర్టో చూసుకోవాలి. మతిమరుపు (డిమెన్షియా) ముదిరిన వృద్ధుల సంగతీ దాదాపు ఇదే. డిమెన్షియా నేషనల్ ట్రస్ట్ జాబితాలో లేదు, కనుక ఎల్‌ఎల్‌సీకి వెళ్లి లాభం లేదు.

అసలు అవసరమా?

చెప్పొచ్చేదేమంటే, గార్డియన్‌షిప్ అంటే ఆ మనిషి హక్కులు మన పేరు మీదికి మారడం కాదు. 2016 చట్టం 13వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్నవాళ్లకు ఆస్తి కలిగి ఉండే, వారసత్వంగా పొందే, డబ్బు వ్యవహారాలు చూసుకునే హక్కు అందరితో సమానంగా ఉంది. 14వ సెక్షన్ ఇచ్చేది పరిమిత గార్డియన్‌షిప్: ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ వ్యక్తి ఇష్టానికి అనుగుణంగా, ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయం. వేరే చట్టం కింద నియమితులైనవాళ్లు కూడా ఇప్పుడు పరిమిత గార్డియన్లుగానే వ్యవహరించాలని అదే సెక్షన్ చెబుతుంది. చాలా తక్కువ సందర్భాల్లో పూర్తి తోడ్పాటు మంజూరు చేస్తారు. దాన్నీ కోర్టు మళ్లీ సమీక్షించాలి.

అందుకని ముందు ఏ పని ఆగిపోయిందో రాసుకోండి. ఫ్యామిలీ పెన్షనా? డిపాజిట్ రెన్యూవలా? అద్దె అగ్రిమెంటా? విడమరచి చెబితే అర్థం చేసుకుని సంతకం పెట్టగలిగిన పనికి గార్డియన్ అక్కర్లేదు. చెయ్యి పనిచేయక సంతకం పెట్టలేని వాళ్లకు రిజర్వు బ్యాంకు వేరే పద్ధతి పెట్టింది. చేతి వేలిముద్ర గానీ కాలి వేలిముద్ర గానీ వేయొచ్చు, ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వాళ్లలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. పక్షవాతం వచ్చి మనసు చక్కగా ఉన్న తండ్రికి ఇది చాలు. స్పృహలో లేనివాళ్ల వేలు పట్టుకుని ముద్ర వేయించడం మాత్రం నేరం కిందికి పోతుంది. ఆ పని ఎవరు చెప్పినా చేయకండి.

జాయింట్ అకౌంట్ ఉంటే పాసుబుక్కు మొదటి పేజీ చూడండి. ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అని ఉంటే ఇద్దరిలో ఎవరైనా నడపొచ్చు. ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ అని ఉంటే మొదటి పేరున్న వ్యక్తి బతికున్నంతకాలం రెండో వ్యక్తి చేయి పెట్టలేరు, ఆ మొదటి వ్యక్తి కోమాలో ఉన్నా సరే. నామినీగా ఉన్నామని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. నామినీ మాట ఖాతాదారు పోయాకే చెల్లుతుంది.

ఇక జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. ‘నాన్న ముందే జీపీఏ రాసిచ్చారు, ఇబ్బంది లేదు’ అనే మాట వినని వారం ఉండదు. కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఇచ్చిన మనిషి మతి స్థిమితం కోల్పోతే ఆ అధికారం అక్కడితో ముగిసినట్టే. డిమెన్షియా ముదిరాక ఆ జీపీఏతో సైటు అమ్మితే, పదేళ్ల తర్వాతైనా ఒక అన్నో చెల్లెలో కోర్టుకెక్కి రద్దు చేయించొచ్చు. కొన్నవాడూ మునుగుతాడు.

ఎల్‌ఎల్‌సీ దరఖాస్తు

దరఖాస్తు ఫారం ‘ఎ’. తల్లిదండ్రులిద్దరూ కలిసి వేయాలి. ఒకరే వేయాలంటే మరొకరు చనిపోయి ఉండాలి, లేదా విడాకులు, చట్టబద్ధంగా విడిపోవడం, వదిలేసి వెళ్లడం, జైలుశిక్ష వంటి కారణం ఉండాలి. కారణానికి కాగితం జత చేయాలి. భర్త వదిలేసి వెళ్లాడు, విడాకులు కాలేదు అన్నప్పుడు కనీసం అఫిడవిట్, పాత పోలీసు ఫిర్యాదు గానీ భరణం కేసు కాపీ గానీ పెట్టండి. తల్లిదండ్రులు లేకపోతే బంధువులు వేయొచ్చు. రిజిస్టరైన సంస్థ కూడా, గార్డియన్ సమ్మతితో, వేయొచ్చు. ఆమోదిస్తే ఫారం ‘బి’లో ధ్రువీకరణ ఇస్తారు. బ్యాంకులకూ పెన్షన్ ఆఫీసుకూ చూపించాల్సింది ఇదే.

గార్డియన్‌గా ఎవరుండాలన్న దగ్గర తెలుగు కుటుంబాలకు రెండు చిక్కులు తరచూ ఎదురవుతాయి. ఒకటి, గార్డియన్ భారత పౌరుడై ఉండాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్యకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా కుదరదు. రెండోది, వార్డు, అంటే గార్డియన్ చూసుకునే వ్యక్తి, ఆడపిల్ల అయితే ఒంటరి మగవాడిని గార్డియన్‌గా పెట్టరు. తమ్ముడే చూసుకోవాలంటే అతని భార్య కూడా సహ గార్డియన్‌గా ఉండాలి. అంటే మరదలి సమ్మతి లేకుండా కథ ముందుకు నడవదు, ఆ మాట ఇంట్లో ముందే తేల్చుకోవడం మంచిది. వీటితో పాటు గార్డియన్‌కు మతి స్థిమితం ఉండాలి, నేరం రుజువై ఉండకూడదు, దివాలా తీసి ఉండకూడదు, బతుకుతెరువుకు ఇంకొకరి మీద ఆధారపడి ఉండకూడదు.

కాగితాలు: వైకల్య ధ్రువపత్రం లేదా యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకు ఇచ్చే దేశవ్యాప్త గుర్తింపు కార్డు), పుట్టిన తేదీ ఆధారం, ఇద్దరి ఆధార్, చిరునామా రుజువు, గార్డియన్ కాబోయేవారి సమ్మతి, తోబుట్టువుల నో అబ్జెక్షన్, ఆస్తుల జాబితా, ఫొటోలు. జాబితా చిన్నదే, కానీ ప్రతి కాగితంలో ఒక మెలిక ఉంటుంది.

చిత్తూరు, అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్ల దగ్గర సాధారణంగా సదరం సర్టిఫికెట్ ఉంటుంది. దాన్ని పక్కన పడేయకండి, దాంతో యూడీఐడీ తీసుకోండి. అది దేశమంతా చెల్లుతుంది. అందులో చిరునామా బెంగళూరుకు మార్పించండి, ఎందుకంటే వార్డు నివాసం ఉన్న జిల్లా కమిటీయే దరఖాస్తు తీసుకుంటుంది. ఆధార్‌లో ఇంకా మదనపల్లె ఉంటే మదనపల్లెకే పొమ్మంటారు.

పేర్లు అన్నిటికన్నా పెద్ద తలనొప్పి. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఒక చోట ఇంటిపేరు ఒక్క అక్షరం, ఇంకో చోట పూర్తిగా, మూడో చోట అసలు లేదు. పదో తరగతి మార్కుల లిస్టులో ‘లక్ష్మీ’, ఆధార్‌లో ‘లక్ష్మి’. మనకు ఒకే మనిషి, కన్నడ గుమాస్తాకు ముగ్గురు. దరఖాస్తుకు ముందే ఆధార్, పాన్, వైకల్య ధ్రువపత్రం మూడింట్లో ఒకే అక్షరక్రమం ఉండేలా దిద్దించుకోండి. దిద్దించలేని పాత కాగితానికి ‘ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి’ అని నోటరీ అఫిడవిట్ జత చేయండి. తెలుగులో ఉన్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పట్టాదారు పాసు పుస్తకం, 1బీ వంటి వాటికి ఇంగ్లిష్ అనువాదం నోటరీ చేయించి పెట్టుకోండి. ఆ రోజు అక్కడ తెలుగు చదవగలిగినవాళ్లు ఉంటారని నమ్ముకోవద్దు.

ఫారంలో గార్డియన్‌షిప్ ఎందుకు అన్న చోట ‘అన్ని వ్యవహారాలకూ’ అని రాయడం అలవాటు. అలా రాయకండి. గార్డియన్ నిజంగా అవసరమా, ఏ పనులకు అవసరం అన్నది కమిటీ తేల్చాలని చట్టమే చెబుతోంది. ‘ఫలానా బ్యాంకు ఖాతా నడపడానికి, తండ్రి ఫ్యామిలీ పెన్షన్ తీసుకోవడానికి, వైద్య సమ్మతికి’ అని విడిగా రాస్తే ప్రశ్నలు తగ్గుతాయి. విచారణకు వార్డును తీసుకెళ్లండి. ప్రశ్న అడిగినప్పుడు మీరు అందుకుని జవాబు చెప్పకండి. మాట రాని పిల్లవాడైతే బొమ్మల కార్డులైనా, మాటకు బదులు వాడే ఫోన్‌లోని ఏఏసీ యాప్ అయినా, ఏది వాడతాడో అదే తీసుకెళ్లండి.

కోమా కేసు

ఇక్కడ దారి చూపింది కేరళ హైకోర్టు 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు. కర్ణాటకలో అవి కచ్చితంగా పాటించి తీరాల్సినవి కాకపోయినా, పిటిషన్‌ను వాటి ప్రకారం తయారు చేస్తే కోర్టు అడగబోయేవన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి. భార్యో భర్తో పిల్లలో పిటిషన్ వేయాలి. మిగిలిన వారసులందరినీ పార్టీలుగా చేర్చాలి. రోగి పేరున ఉన్న ఆస్తులన్నీ చెప్పాలి. న్యూరాలజిస్టు ఉన్న మెడికల్ బోర్డు రోగిని పరీక్షించాలి. తహసీల్దారు స్థాయికి తగ్గని రెవెన్యూ అధికారి ఇంటికొచ్చి విచారించి నివేదిక ఇవ్వాలి. గార్డియన్‌ను ఏ ఆస్తులకు, ఏ ఖాతాలకు నియమించారో ఆర్డర్‌లో పేరుపేరునా ఉంటుంది. ఆరు నెలలకోసారి హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్‌కు లెక్క చెప్పాలి.

ఆ ‘పేరుపేరునా’ అన్న మాట మీద దృష్టి పెట్టండి. పిటిషన్‌లో మూడు ఖాతాలు రాసి, నాలుగోది తర్వాత గుర్తొస్తే దానికి మళ్లీ కోర్టుకు వెళ్లాలి. కాబట్టి ముందు ఇల్లంతా వెతకండి: డీమ్యాట్, పీఎఫ్, బీమా పాలసీలు, లాకర్, చిట్టీలు, ఊళ్లో ఉమ్మడి పొలంలో వాటా. బెంగళూరు ఇంటికి ఇ-ఖాతా (నగరపాలక సంస్థ ఆస్తి రికార్డు) నంబరు, ఆంధ్రలో పొలానికి సర్వే నంబరు, గ్రామం, మండలం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రాయండి. పొరుగు రాష్ట్రంలో ఆస్తి ఉందన్న సంగతి లాయరుకు మొదటి రోజే చెప్పండి. ప్రతి బ్యాంకుకూ సర్టిఫైడ్ కాపీ కావాలి, సరిపడా ఒకేసారి తీసుకోండి. ఆస్పత్రి డిశ్చార్జ్ సమ్మరీ, నెలవారీ ఖర్చు బిల్లులు జత చేస్తే అత్యవసరం ఏమిటో జడ్జికి అర్థమవుతుంది.

అమ్మడానికి కోర్టు ఒప్పుకున్నా డబ్బంతా చేతికి రాదు. 2024లో మద్రాసు హైకోర్టు డివిజన్ బెంచ్ కోమాలో ఉన్న వ్యక్తి భార్యను గార్డియన్‌గా నియమించి ఆస్తి వ్యవహారానికి అనుమతిస్తూ, 50 లక్షలు భర్త పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలని, వడ్డీ వాడుకోవచ్చని షరతు పెట్టింది. ‘సివిల్ కోర్టుకు వెళ్లండి’ అని అంతకుముందు సింగిల్ జడ్జి చెప్పిన కేసు అది. ఇలాంటి షరతును ముందే ఊహించి, ఎంత డిపాజిట్ చేస్తారో మీరే పిటిషన్‌లో ప్రతిపాదిస్తే నమ్మకం పెరుగుతుంది.

గార్డియన్ చేయకూడనివి

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు గార్డియన్ సంతకం చాలదు. 2016 చట్టం 10వ సెక్షన్ ప్రకారం ఆ వ్యక్తి స్వయంగా, అర్థం చేసుకుని ఒప్పుకోవాలి. మానసిక జబ్బుకు చికిత్స పేరుతో అలాంటి ఆపరేషన్ చేయడాన్ని 2017 చట్టం 95వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. గొలుసులతో కట్టేయడమూ, మత్తు ఇవ్వకుండా షాక్ చికిత్స చేయడమూ అదే సెక్షన్ కింద నిషిద్ధం. గర్భస్రావం విషయంలో, స్వల్ప బుద్ధిమాంద్యం ఉన్న యువతి సమ్మతి తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2009లో చండీగఢ్ కేసులో తేల్చింది. ఆడపిల్లల తల్లులు భయంతో అడిగే మొదటి ప్రశ్న ఇదే కాబట్టి నిక్కచ్చిగా చెబుతున్నాం.

ఓటు పోతుందేమో అని కూడా అడుగుతారు. మతి స్థిమితం లేదని అధికారం ఉన్న కోర్టు ప్రకటిస్తేనే ఓటరు జాబితాలో అనర్హత. ఎల్‌ఎల్‌సీ ఇచ్చే కాగితం అలాంటి ప్రకటన కాదు.

ఇల్లు అమ్మడానికి, తాకట్టుకు ఎల్‌ఎల్‌సీ ధ్రువపత్రం ఒక్కటే సరిపోతుందనుకోకండి. కొనేవాళ్ల లాయరు, అప్పిచ్చే బ్యాంకు కోర్టు అనుమతి అడుగుతారు, అడగడం న్యాయమే. వార్డు డబ్బు అప్పుగా వాడుకోవడం, వార్డు ఆస్తిని గార్డియన్ పిల్లలకు గిఫ్ట్ డీడ్ చేయడం, అన్నదమ్ముల పంపకంలో వార్డు తరఫున వాటా వదులుకుంటూ సంతకం పెట్టడం: తర్వాత వివాదాలైనవి చాలావరకు ఈ మూడే. చివరిదానిలో గార్డియన్ కూడా వాటాదారే అయి ఉంటాడు. తన లాభం ఉన్న పత్రం మీద తానే వార్డు తరఫున సంతకం పెడితే అది నిలబడదు. అలాంటప్పుడు కోర్టు ద్వారానే వెళ్లాలి.

లెక్కలు

నేషనల్ ట్రస్ట్ చట్టం 16వ సెక్షన్ రెండు గడువులు పెట్టింది. నియమించిన ఆరు నెలల్లో వార్డు ఆస్తులు, అప్పులు, రావలసినవి అన్నీ జాబితా రాసి కమిటీకి ఇవ్వాలి. ఆ తర్వాత ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో, అంటే జూన్ 30 లోపు, ఏడాది లెక్క ఇవ్వాలి. మొదటిది ఇచ్చి రెండోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఎవరూ అడగడం లేదు కదా అని నాలుగేళ్లు వదిలేస్తారు, తోబుట్టువు ఒక ఫిర్యాదు పెట్టగానే నాలుగేళ్ల బిల్లులు కావాలంటారు.

వార్డు పేరున విడి ఖాతా తెరవండి, ‘ఫలానా వ్యక్తి, గార్డియన్ ఫలానా’ అన్న రూపంలో. పెన్షన్, అద్దె, వడ్డీ అందులోకే రావాలి. ఖర్చు అందులోంచే, వీలైనంతవరకు యూపీఐ లేదా చెక్కుతో. నగదు తీయక తప్పకపోతే అదే రోజు దేనికో రాయండి. నెలకో కవరులో మందుల బిల్లులు, ఆయా జీతం రసీదు, ఫిజియోథెరపీ రసీదు. ఇంటి అద్దె, కరెంటు, సరుకుల్లో వార్డు వాటా ఎంత పెడుతున్నారో మొదటి నెలలోనే తేల్చి, ఆ లెక్కనే ఏడాదంతా పాటించండి. వార్డు ఆదాయం వార్డుదే, తల్లి పాన్‌లో చూపించకండి. వార్డుకు వేరే పాన్ ఉండాలి. పన్ను కట్టేంత ఆదాయం ఉంటే గార్డియన్ ప్రతినిధిగా రిటర్న్ వేస్తారు.

గార్డియనే కొరివి అయితే

నిర్లక్ష్యం, హింస, ఆస్తి కాజేయడం కనిపిస్తే తల్లిదండ్రులు, బంధువులు, రిజిస్టరైన సంస్థ ఎవరైనా 17వ సెక్షన్ కింద ఎల్‌ఎల్‌సీకి ఫిర్యాదు చేయొచ్చు. కమిటీ విచారించి తొలగించగలదు. తొలగిన వ్యక్తి ఆస్తి అప్పగించి, తీసుకున్న డబ్బుకు లెక్క చెప్పాలి. ఫిర్యాదులో ‘బాగా చూడటం లేదు’ అని కాక తేదీలు, ఫొటోలు, డాక్టరు చీటీలు, ఖాతా స్టేట్‌మెంట్ పెట్టండి.

అంతవరకు ఆగలేని పరిస్థితి అయితే 2016 చట్టం 7వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు, అంటే తహసీల్దారుకు, ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు. పొరుగింటివాళ్లయినా సరే. పోలీసుల సాయంతో ఆ వ్యక్తిని విడిపించే అధికారం ఆయనకు ఉంది. తన చేతిలో ఉన్న వికలాంగుడికి తెలిసి తెలిసి తిండి, నీళ్లు పెట్టకపోవడం 92వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. ఎప్పుడో జరిగిన మోసానికి గడువు దాటిపోయిందని వెంటనే వదులుకోకండి. లిమిటేషన్ చట్టం 6వ సెక్షన్ మతి స్థిమితం లేనివాళ్ల కేసుల్లో గడువు లెక్క మొదలవడాన్ని వాయిదా వేస్తుంది.

లాయరు ఫీజుకు వెనకాడేవాళ్లు న్యాయ సేవల ప్రాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకూ వికలాంగులకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. భర్త కోమాలో ఉన్న భార్యకు ఈ దారి ఉందని చాలామందికి తెలియదు. కర్ణాటక రాష్ట్ర సంస్థ సిద్ధయ్య రోడ్డులోని న్యాయ దేగులలో ఉంది, ఫోన్ 15100.

తల్లిదండ్రులు తమ తర్వాత ఎవరన్నది వీలునామాలో రాస్తే సరిపోతుందనుకుంటారు. పెద్దవాళ్లకు వీలునామాతో గార్డియన్ ఏర్పడరు. అది కోరిక మాత్రమే, కమిటీ మళ్లీ నియమించాలి. కాబట్టి వీలునామాలో పేరు రాసిన వ్యక్తి చేత ఇప్పుడే సమ్మతి పత్రం రాయించి, అతని ఆధార్ కాపీ, ఫారం ‘బి’ నకలు, చివరి ఏడాది లెక్క ఒకే ఫైలులో పెట్టి ఆ ఫైలు ఎక్కడుందో ఇద్దరికి చెప్పండి. గార్డియన్ పోయాక కొత్త ఫారం ‘ఎ’ ఎంత త్వరగా వేస్తే వార్డు పెన్షన్ అన్ని తక్కువ నెలలు ఆగుతుంది.